కుడి కాలి ఆర్డరు

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి చిన్నది మా సెక్షన్ హెడ్. నన్ను ఫోన్ల గదిలోకి మార్చారు.

ఏకు మేకవడం అంటే ఏమిటో ఇన్నాళ్ళూ సామెతగానే విన్నాను. ఇకనుంచి ఆఫీసులో రోజంతా, ఇంటికొచ్చాక వంటింట్లో, కళ్ళారా చూడాలి.

మార్చి 4, మంగళవారం

నిన్న రెండు ముక్కలు రాసి ఆపేశాను. ఇవాళ మొదటి నుంచీ రాస్తాను, కోర్టులో సాక్షి చెప్పినట్టు. ఎప్పుడైనా నాకు జాలి పుడితే ఈ పేజీ తీసి చదువుకోవాలి.

చిన్నది నా తోటికోడలు. మరిది పెళ్ళయిన ఏడాదికి, "ఇంట్లో ఖాళీగా ఉండలేకపోతున్నానక్కా" అంటే నేనే మా కంపెనీకి తీసుకొచ్చాను. నా పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ప్రోగ్రాములు రాసే జావా భాషలో ఓనమాల నుంచి దిద్దించాను. వేలు పట్టుకుని నడిపిస్తే మెడ పట్టుకుని గెంటింది.

మేము పెట్టుడు కాళ్ళు, చేతులు చేస్తాం. కింద వర్క్‌షాప్, పైన మేము. క్లినిక్కుల్లో కొలతలు తీసుకుని ఆర్డరును ఎక్స్ఎమ్ఎల్ ఫైలుగా మాకు పంపుతారు. ఆ ఫైలును చదివి, జావా ఆబ్జెక్టుగా మార్చి, కింద ఫిట్టర్ చేతికి జాబ్ కార్డు ఇచ్చే ప్రోగ్రాము నాది. మార్చే ముందు ప్రతి ఫైలునూ స్కీమాతో, అంటే అందులో ఏమేం ఉండాలో చెప్పే పట్టికతో, సరిచూసేదాన్ని. కాలి పొడవు లేకపోయినా, కుడో ఎడమో చెప్పకపోయినా ఫైలు గడప దాటేది కాదు. "ఫలానాది లేదు, నింపి పంపండి" అని క్లినిక్కుకు వెనక్కి వెళ్ళేది.

క్లినిక్కుల వాళ్ళకి అది ఒళ్ళుమంట. మా కంపెనీ పెద్దాయన దగ్గర మొర పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే అత్తగారికి కంటి ఆపరేషన్. ఇద్దరు కోడళ్ళలో సెలవు పెట్టింది నేను. చుక్కల మందు వేసింది నేను. ఆ వారంలోనే చిన్నది నా చెకింగ్ ఊడబెరికి, "ఇక ఒక్క ఆర్డరూ వెనక్కి రాదు సార్" అని పెద్దాయనకి చూపించింది. నేను తిరిగి వెళ్ళేసరికి దాని టేబుల్ మీద పూలగుత్తి.

మార్చి 5, బుధవారం

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. ఆయనకి బ్యాంకు లెక్కలు తప్ప కంప్యూటర్ గొడవలు పట్టవు. అయినా విన్నారు.

"అయితే ఇప్పుడు అసలు చెకింగే లేదా?"

"ఉందనుకుంటోంది. తప్పకుండా ఉండాల్సిన ప్రతిదాని పక్కనా 'రిక్వైర్డ్' అని గుర్తు పెట్టింది. ఆ గుర్తు చూసి జావా దానంతటదే పట్టుకుంటుందని దాని నమ్మకం. పట్టుకోదు. గేటు మీద 'కుక్క ఉంది జాగ్రత్త' అని బోర్డుంటే సరిపోతుందా? కరవడానికి కుక్క ఉండాలి కదా. స్కీమా తగిలిస్తేనే కుక్క. అది కుక్కని తోలేసి బోర్డు ఉంచుకుంది."

"మరి ఏదైనా గడి లేని ఫైలు వస్తే ఏమవుతుంది?"

"లేనిచోట జావా సొంతంగా ఏదో ఒకటి పెట్టుకుని నోరు మూసుకుంటుంది. 'కుడివైపా?' అని ఒక గడి ఉంది. అవునో కాదో ఉండాలి. ఏమీ రాకపోతే 'కాదు' కింద ఉండిపోతుంది. అంటే ఎడమ."

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "రేపు వెళ్ళి చెప్పెయ్యి."

"నన్నెవరూ అడగలేదు."

"నువ్వు మనిషివా, మొండి గోడవా?" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ గడిని 'అవును, కాదు' అని పెట్టింది నేనే. 'కుడి, ఎడమ' అని విడిగా రాసుంటే ఖాళీ ఖాళీగానే కనిపించేది. కానీ అప్పుడు కాపలా ఉంది కదా. దాని గురించి ఇక్కడ రాయనక్కర్లేదు.

మార్చి 9, ఆదివారం

ఆదివారాలు కింద వంటింట్లో అందరికీ కలిపి వంట. చిన్నది ఉల్లిపాయలు తరుగుతోంది. ఆఫీసులో 'మీరు', ఇంట్లో 'అక్కా'. గడప మీద చెప్పులు మార్చినంత తేలిగ్గా మారుస్తుంది.

"అక్కా, ఒక మాట అడగనా? రిక్వైర్డ్ అని పెట్టాను కదా అన్నిటికీ. అది చాలు కదూ? ఇంకేమైనా తగిలించాలా?"

దాని కళ్ళలో నీళ్ళు. ఉల్లిపాయల వల్లే.

ఒక్క మాట చెబితే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు ఆ పూలగుత్తి గుర్తొచ్చింది.

"సెక్షన్ హెడ్డువి. నీకు తెలియనిదేముందమ్మా?" అన్నాను.

"ఎత్తిపొడుపా?"

"అయ్యో, మెచ్చుకోలు."

అత్తగారు కొత్త కళ్ళజోడులోంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "పొయ్యి మీద కూర మాడుతోందో, మీరు మాడుతున్నారో తెలియట్లేదు" అన్నారు.

మార్చి 10, సోమవారం

అడిగింది. చెప్పలేదు. బాగుంది. హాయిగా నిద్రపట్టింది.

మార్చి 13, గురువారం

ఫోన్ల గదికి కిటికీ లేదు. పాత ప్రింటర్లు రెండు, కుంటి కుర్చీ ఒకటి, నేను. కాళ్ళు చేసే కంపెనీలో కుర్చీకి కాలు లేదని పెద్దాయనకి ఎవరు చెప్పాలి?

మధ్యాహ్నం ఒకాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, నా కాలు ఎందాకా వచ్చింది? అదే నడుచుకుంటూ బయల్దేరిందా, నేనే రావాలా?"

నవ్వొచ్చింది. ఈ గదిలో నవ్వడం అదే మొదటిసారి. సెలూన్‌లో పనిచేస్తాడట. లారీ తగిలి మోకాలి కింద పోయింది.

"ఒంటికాలి మీద నిలబడి కత్తిరిస్తే కొంగ చేపని పట్టినట్టుంటుందమ్మా. జనం భయపడతారు. సెలూన్ మా బావమరిదిదే. ఈ నెలాఖరు దాకా నా కుర్చీ ఉంచుతానన్నాడు. ఆ తర్వాత ఇంకొకర్ని పెట్టుకుంటాడు. బావమరిదైనా కుర్చీ కుర్చీనే కదా."

ఆర్డరు నంబరు అడిగి తెర మీద తీశాను.

"కుడి కాలమ్మా. కుడి బూటు ఇప్పటికే పాలిష్ చేసి పెట్టాను. రాసుకున్నారా?"

తెర మీద ఎడమ అని ఉంది.

క్లినిక్కు పంపిన అసలు ఫైలు తెరిచాను. వైపు చెప్పే గడే లేదు. వాళ్ళు ఈమధ్య కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. అక్కడి గుమాస్తా టిక్కు పెట్టకపోతే ఆ వరుసే రాదు కాబోలు. నా చెకింగ్ ఉండుంటే గడప దగ్గరే ఆగిపోయేది.

"రాసుకున్నాను" అన్నాను.

ఏమీ రాసుకోలేదు.

మార్చి 14, శుక్రవారం

వర్క్‌షాప్ వాళ్ళు ఎలాగూ చూసుకుంటారు. అచ్చు పోసేటప్పుడైనా తెలుస్తుంది.

ఇప్పుడు అచ్చులు పోయడం లేదు. కొలతలు మిషన్‌కి ఇస్తే, తెగిన కాలు కూర్చునే గిన్నెని అదే చెక్కుతుంది. కార్డులో ఎలా ఉంటే అలా పాదం బిగిస్తారు.

క్లినిక్కు వాళ్ళైనా ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఎందుకు కనుక్కుంటారు? ఆర్డరు వెనక్కి రాలేదుగా.

మార్చి 18, మంగళవారం

సెలూన్ ఆయన మళ్ళీ ఫోన్. పని లేకపోయినా చేస్తున్నాడు. గొంతులో సందడి.

"మీ గొంతు గుర్తుపట్టానమ్మా. మిగతావాళ్ళు 'లైన్లో ఉండండి' అంటారు. మీరు వింటారు."

ఇరవై ఎనిమిదిన ఫిట్టింగ్‌కి మా వర్క్‌షాప్‌కే రమ్మని క్లినిక్కు చెప్పిందట. అదే రోజు పెద్ద ఆసుపత్రి వాళ్ళు మా కంపెనీ చూడటానికి వస్తున్నారు. వాళ్ళ ఆర్డర్లన్నీ మనకే ఇవ్వాలా వద్దా అని. వాళ్ళ ముందు చిన్నది చూపిస్తుంది: తెర మీద ఆర్డరు రావడం, కింద ఈ సెలూన్ ఆయన కాలు తొడుక్కుని నడవడం.

దేవుడు ఉన్నాడనుకున్నాను. కాగల కార్యం గంధర్వులే తీరుస్తున్నారు. నేను వేలు కూడా కదపక్కర్లేదు.

"వస్తారుగా మీరు? నేను నడిచేది చూద్దురుగాని" అన్నాడు.

"తప్పకుండా వస్తాను."

మార్చి 21, శుక్రవారం

టీ నెపంతో కిందికి వెళ్ళాను. ప్లాస్టిక్ కాలిన వాసన, రంపం పొడి. గోడ పొడవునా చెక్క అరలో పాదాలు, బూట్ల దుకాణంలో బూట్లలాగా. తయారైన కాళ్ళు కొక్కేలకు వేలాడుతున్నాయి, ఒక్కోదానికీ తాడుతో జాబ్ కార్డు. ఆయనది కిటికీ పక్కన ఉంది. బొటనవేలు ఎటుందో చూశాను.

ఎడమ పాదమే.

ఫిట్టర్ అడిగాడు, "ఏం మేడమ్, ఏమైనా తేడానా?"

వారం టైముంది. గిన్నె మళ్ళీ చెక్కి, పాదం మార్చడానికి సరిపోతుంది.

"ఏం లేదు. బాగా చేశారు" అన్నాను.

మార్చి 24, సోమవారం

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నాది అలాంటిది కాదు. నేనెవర్నీ ఏమీ చేయలేదు. ఊరుకున్నానంతే.

మార్చి 26, బుధవారం

చిన్నది కొత్త చీర ఇస్త్రీ చేసుకుంటోంది. శుక్రవారానికట. "ఈ రంగు బాగుందా అక్కా?" అంది. చాలా బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

మార్చి 28, శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఫిట్టింగ్ హాలులో ఒక పక్క పెద్ద తెర, మధ్యలో నడక నేర్పే రెండు ఇనప కడ్డీలు, ఆ చివర నిలువుటద్దం. ఆసుపత్రి వాళ్ళు నలుగురు ముందు కుర్చీల్లో. పెద్దాయన ఇస్త్రీ మడతలా నిలబడ్డాడు. నేను వెనక తలుపు దగ్గర, బాగా కనిపించేచోట చూసుకుని నిలబడ్డాను. దాని మొహం కనిపించాలి నాకు.

చిన్నది చక్కగానే మాట్లాడింది. "ఇంతకుముందు పదింట్లో రెండు ఆర్డర్లు వెనక్కి వెళ్ళేవి. ఇప్పుడు ఒక్కటీ వెళ్ళడం లేదు." వాళ్ళు తలలూపారు.

సెలూన్ ఆయన చంక కర్రల మీద వచ్చాడు. ఫోన్‌లో గొంతుని బట్టి భారీ మనిషి అనుకున్నాను. బక్కపల్చటి మనిషి. చక్కగా దువ్వుకున్న తల, తెల్ల చొక్కా. భుజానికి ఒక గుడ్డ సంచి. కూర్చుని, అందులోంచి నల్ల బూటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అద్దంలా మెరుస్తోంది.

ఫిట్టర్ కాలు తెచ్చి గిన్నె ఎక్కించబోయాడు. సరిగ్గా కూర్చోలేదు. "కొత్తది కదా, బిగుతుగా ఉంటుంది" అని ఆయనే ఫిట్టర్‌కి ధైర్యం చెప్పాడు. ముందు బూటు తొడిగి చూద్దామన్నాడు. బూటు ఎక్కలేదు. తిప్పాడు. ఎక్కలేదు. అప్పుడు పాదం చేతిలోకి తీసుకుని, బొటనవేలి మీద వేలుతో రాసి చూసుకున్నాడు.

"ఇది ఎడమ కాలు బాబూ."

ఫిట్టర్ కార్డు చూశాడు. "కార్డులో ఎడమ అనే ఉందండి."

"నాకు ఎడమ కాలు ఉంది కదా" అన్నాడాయన మెల్లగా, తనదే ఏదో పొరపాటన్నట్టు.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చిన్నది తెర వైపు తిరిగి ఫైలు తెరిచింది. చూసింది. దానికి అర్థమైంది. దాని మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు తలుపు దాకా కనిపించింది.

ఇదే కదా నేను చూడాలనుకున్నది. చూశాను. తృప్తిగానే ఉండింది. అబద్ధం రాయను. ఒక్క క్షణం చాలా తృప్తిగా ఉండింది.

"నేను ఫోన్‌లో చెప్పాను కదండీ, కుడి కాలని" అంటున్నాడాయన. "ఒక మేడమ్ రాసుకున్నారు కూడా."

పెద్దాయన గిర్రున తిరిగాడు. "ఫోన్లెవరు తీస్తున్నారు?" ఆయన చూపు నా మీద ఆగింది. "నీకు చెప్పాడా?"

"అది, సార్, అప్పటికే…" అన్నాను. అంతే అన్నాను.

సెలూన్ ఆయన మొహం వెలిగింది. "ఆ, ఈవిడేనండీ! గొంతు ఈవిడదే. అమ్మా, మీరు రాసుకున్నారు కదా, చెప్పండి వీళ్ళకి!"

నన్ను సాక్ష్యం అడుగుతున్నాడు. తన పక్షాన.

హాలంతా నా వైపే చూస్తోంది. అప్పుడు చిన్నది ముందుకొచ్చింది.

"తప్పు నాది సార్. ఆర్డరు సరిచూసే భాగం తీసేసింది నేను. తీయొద్దని ఈవిడ చెప్పారు. ఈ ఆర్డరు గురించి కూడా చెప్పారు. నేనే పట్టించుకోలేదు."

నేను చెప్పానన్నదాంట్లో ఒక్క అక్షరం నిజం కాదు. నేను చెప్పలేదు. ఏదీ చెప్పలేదు.

ఆసుపత్రి వాళ్ళు టీ తాగకుండానే వెళ్ళిపోయారు. గిన్నె మళ్ళీ చెక్కాలి, ముందున్న ఆర్డర్ల వరస దాటేసరికి రెండు వారాలు పడుతుందని ఫిట్టర్ చెప్పాడు. సెలూన్ ఆయన బూటును గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు.

మార్చి 29, శనివారం

చిన్నదాన్ని హెడ్ నుంచి తీసేశారు. ఉద్యోగం ఉంచారు. నన్ను తిరిగి సెక్షన్‌లోకి రమ్మన్నారు. కోరుకున్నదంతా జరిగింది.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే దాని దగ్గరికి వెళ్ళాను.

"ఎందుకు అబద్ధమాడావు?"

బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేస్తోంది. "నీకు ఎప్పుడు తెలిసింది, ఆ సెలూన్ ఆయన కాలి సంగతి?"

"ముందే."

"ఆ ఆదివారం నేను అడిగినప్పుడు?"

"రిక్వైర్డ్ సంగతి తెలుసు. ఆయన సంగతి తర్వాత తెలిసింది."

"అనుకున్నాను." దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. అలవాటుగా పట్టుకున్నాను. ఇద్దరం మడత పెట్టాం. "నిన్ను కాపాడదామని కాదక్కా. అంత మంచిదాన్ని కాను. నువ్వు సెలవులో ఉన్నప్పుడు నీ పనిలో చెయ్యి పెట్టి పేరు కొట్టేశాను. అది తప్పే. నాలుగు తిట్టి ఉంటే పడేదాన్ని. నువ్వు తిట్టలేదు. వంటింట్లో నవ్వుతూ మాట్లాడావు. చీర బాగుందన్నావు."

"అయితే?"

"నిన్న నీ పేరు చెప్పుంటే నీ ఉద్యోగం పోయేది, అక్కడితో చెల్లుకి చెల్లు అయిపోయేది. ఇప్పుడు అవ్వదు. ఇక రోజూ నాతో కలిసి కూర్చుని అన్నం తినాలి నువ్వు. తిను."

దుప్పటి తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇది నేను నేర్పలేదు దానికి.

ఏప్రిల్ 2, బుధవారం

స్కీమా మళ్ళీ తగిలించాను. 'కుడివైపా?' గడి తీసేసి, 'కుడి' లేదా 'ఎడమ' అని రాయాల్సిందేనని మార్చాను. కావాలని ఆ వరుస తీసేసిన ఫైలు పంపి చూశాను. గడప దగ్గరే ఆగింది. చిన్నది నా పక్క కుర్చీలో కూర్చుని ఎలా తగిలించాలో రాసుకుంది. పని మాట తప్ప ఇంకో మాట లేదు.

పాత ఆర్డర్లన్నీ వెతికాం. వైపు లేనివి ఇంకొన్ని దొరికాయి. అదృష్టం బాగుండి అన్నీ నిజంగా ఎడమ కాళ్ళే.

ఏప్రిల్ 11, శుక్రవారం

సెలూన్ ఆయన వచ్చాడు. ఈసారి హాలులో ఫిట్టర్, నేను, ఆయన. గిన్నె చక్కగా కూర్చుంది. బూటు ఎక్కింది.

ఆయన కడ్డీలు పట్టుకుని లేచే ముందు చెప్పేశాను. చెప్పమని ఎవరూ అడగలేదు.

"మీరు కుడి అని చెప్పిన రోజే తెర మీద ఎడమ అని చూశాను. తర్వాత ఇక్కడికొచ్చి పాదం కూడా చూశాను. ఎవరికీ చెప్పలేదు."

ఆయన బూటు మీంచి తలెత్తాడు. "మర్చిపోయారా?"

"లేదు. మా తోటికోడలి మీద కోపం. ఆ రోజు తప్పు ఒప్పుకుంది, ఆ అమ్మాయి. అందరి ముందూ దాని పరువు పోవాలని."

"ఓహో." బూటు లేసు ఒకసారి విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "మా బావమరిది నా కుర్చీలో ఇంకొకర్ని పెట్టుకున్నాడమ్మా. ఒకటో తారీఖునే."

"నేను వచ్చి మాట్లాడతాను ఆయనతో."

"వద్దు." కోపంగా అనలేదు. "ఆ అమ్మాయి మీకేం చేసిందో నాకు తెలియదు. ఏదో చేసే ఉంటుంది. నా కాలేం చేసిందమ్మా మీకు?"

లేచి నిలబడ్డాడు. కడ్డీలు పట్టుకుని అద్దం దాకా వెళ్ళాడు. వెనక్కి వచ్చేటప్పుడు కడ్డీలు వదిలేశాడు. ఫిట్టర్ చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు. ఆ హక్కు లేదనిపించింది.

వెళ్ళేముందు పైకి మనిషిని పంపి చిన్నదాన్ని పిలిపించుకున్నాడు. "నీ తప్పు నువ్వు చెప్పావమ్మా, పెద్ద విషయం. ఇప్పుడు ఇళ్ళకి వెళ్ళి కటింగులు చేస్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా కావాలంటే కబురు చెయ్యి."

అది వెంటనే అడ్రసు రాసిచ్చింది. ఇద్దరిదీ ఒకటే ఇల్లని ఆయనకి చెప్పలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

పొద్దున్నే గేటు చప్పుడైంది. సెలూన్ ఆయనే. చేతిలో చిన్న పెట్టె, నడకలో కొంచెం ఊగు. నన్ను చూసి గుమ్మంలో ఆగాడు.

"మీరూ ఇక్కడేనా?" అన్నాడు.

"అక్కా, కుర్చీ తీసుకురా" అంది చిన్నది లోపల్నుంచి.

పెరట్లో కుర్చీ వేశాను. మరిదికి కత్తిరించాడు, మా ఆయనకి కత్తిరించాడు. పాత కబుర్లు చెప్పి ఇద్దర్నీ నవ్వించాడు. ఫోన్‌లో నాతో మాట్లాడిన గొంతు అదే. నాతో మాత్రం ఒక్క మాట లేదు. నేను జుట్టు ఊడుస్తూ నిలబడ్డాను.

అత్తగారు వరండాలోంచి కేకేశారు. "పెద్దదానా, నువ్వూ కూర్చో. ఇప్పుడు నాకు కళ్ళు బాగా కనిపిస్తున్నాయి, ఆ చిట్లిన చివర్లు చూడలేకపోతున్నాను."

వద్దన్నాను. ఆవిడ వినే మనిషి కాదు. చిన్నది చేతులు కట్టుకుని తలుపుకి ఆనుకుని చూస్తోంది.

కూర్చున్నాను. ఆయన నా మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. వెనక నిలబడ్డాడు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవడం వినిపించింది.

"ఎంత తీయమంటారు?"

"మీ ఇష్టం."

కత్తెర చాలాసేపు కదలలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. మొత్తం కత్తిరించేస్తే బాగుండు, వంకర టింకరగా చేస్తే బాగుండు, అందరూ చూసి నవ్వితే బాగుండు అనుకున్నాను. ఆ తర్వాత చిన్నగా చప్పుడు మొదలైంది. తొందర లేకుండా, కుదురుగా, ఒక్కో పాయా దువ్వి తీసుకుంటూ.

అద్దం చేతికిచ్చాడు. వేలెడు కూడా తీయలేదు. చివర్లు గీత గీసినట్టున్నాయి. నా జన్మలో ఎవరూ నాకు ఇంత బాగా కత్తిరించలేదు.

చెడగొట్టి ఉంటే బాగుండేది.